తుపాకి మూతికి గరాటు

పొద్దు బారెడు కూడా ఎక్కలేదు. నల్లమల మీంచి చలిగాలి దుమ్ము మోసుకుంటూ దిగుతోంది. పుష్యమాసపు పొడి చలి. ఎండ ఒంటికి తగిలేదాకా చేతివేళ్ళు సరిగ్గా వంగవు. రంగన్న కడుపులో ముందురోజు పగలు తిన్న సగం జొన్నరొట్టె తప్ప ఏమీ లేదు. ఆకలేస్తోందని చెప్పుకోవడానికి కూడా ఓపిక లేని ఆకలి. నీళ్ళు తాగితే కాసేపు అణుగుతుంది, మళ్ళీ లేస్తుంది. పని అయినాక కొలిమి యజమాని పెండ్లాం మహాదేవమ్మ ముద్ద సంగటి పెడుతుంది. ఆ ముద్ద కోసమే అందరికంటే ముందు పోయి, పాత బూడిద ఎత్తిపోసి, బొగ్గులు పేర్చి, తిత్తి ముందు కూర్చున్నాడు.

ఊరు నల్లగుండ్లపల్లె. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయే బండ్లబాట పక్కన అరవై గడపలు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. రాజధాని అయితే ఏమవుతుందో రంగన్నకు తెలియదు. ఇరవై ఏండ్లుగా పెద్ద ఈరన్న కొలిమిలో తిత్తి ఊదడం, సమ్మెట కొట్టడం, ఇవే అతని పనులు. మూడో తరగతిలో బడి మానేసిన నాటి నుంచి ఏదో ఒకటి మోస్తూనో కొడుతూనో ఉన్నాడు. నలభై అయిదు దాటాయి. భుజాలు రాత్రిళ్ళు సలుపుతాయి.

కాసేపటికి సుందరం వచ్చాడు. రోజూ వచ్చినట్టే వచ్చి, కొలిమి పంచ చివర తన రాయి దగ్గర గొంతుక్కూర్చుని, బీడీ ముట్టించుకోకుండానే చేతిలో పట్టుకున్నాడు. నిప్పు కోసం రంగన్న వైపు చూశాడు. రంగన్న పట్టకారుతో ఒక కణిక తీసుకుపోయి అందించాడు.

అది వాళ్ళకు అలవాటు. సుందరం ఊరికి తూర్పున ఉన్న పాలెంలో పుట్టాడు. పాలెం వాళ్ళు తాతల నాడే క్రైస్తవంలో కలిశారు. పాలెం మనిషి కొలిమి నిప్పు దగ్గరికి, ఇనుము పెట్టి కొట్టే దాగలి దగ్గరికి రాకూడదు. అది ఈరన్న పెట్టిన కట్టడి కాదు, ఈరన్న తండ్రి పెట్టిందీ కాదు. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. సుందరానికి నిప్పుతో పని పడితే రంగన్న చేసిపెట్టాలి. ఇనుము కాల్చాలంటే రంగన్న కాలుస్తాడు, చల్లార్చాలంటే రంగన్న చల్లారుస్తాడు. మిగతా పని పంచ చివర, బండరాయికి బిగించిన సుందరం వైసు మీద, దాని ఇనుప దవడల నడుమ జరుగుతుంది.

ఆ వైసు, నాలుగు ఆకురాళ్ళు, ఒక ఇత్తడి కడ్డీ, రేకుపెట్టె. ఇవే అతను పట్టాళం నుంచి తెచ్చుకున్నవి. మిషను బడిలో అయిదు దాకా చదివి, పద్దెనిమిదేళ్ళకు యుద్ధంలో పేరు రాయించుకున్నాడు. పట్టాళంలో తుపాకులు బాగుచేసే షెడ్డులో వేశారు. జబల్పూరులో రెండేళ్ళు, బర్మా సరిహద్దులో రెండేళ్ళు. యుద్ధం అయిపోయాక ఇంటికి పొమ్మన్నారు. వచ్చాడు. నూనె ఇంజన్లు, కుట్టుమిషన్లు, సైకిళ్ళు, చుట్టుపక్కల పల్లెల్లో లైసెన్సున్న తుపాకులు, ఏది చెడినా అతని దగ్గరికే వచ్చేవి. వచ్చిన దాంట్లో సగం ఈరన్నకు ఇచ్చేవాడు, చోటు ఇచ్చినందుకు. మాట తక్కువ. అడిగితే చెప్తాడు, లేకపోతే లేదు.

ఆ శుక్రవారం పొద్దున కొడవలికి పిడి వేయించుకుపోవడానికి సిద్దమ్మ వచ్చింది. ఆమె వస్తే కొలిమికి కాస్త సందడి వస్తుంది.

“ఏమప్పా పట్టాళం సుందరం, బర్మాలో ఏం తింటాంటివి? పాములు తింటారంట గదా ఆడ?”

“పెట్టినవి తింటిమక్కా.”

“పాము పెడితే?”

“పాము పెట్టినారో చేప పెట్టినారో యాడ తెలుస్తాది? చీకట్లో పెడుతుండ్రి.”

సిద్దమ్మ పడీపడీ నవ్వింది. ఈరన్న కూడా మీసంలో నవ్వుకున్నాడు. కరిగిన లక్క కొడవలి పిడిలో పోసి, కాల్చిన కొడవలి తోక దించి, తడిగుడ్డతో చుట్టి ఆమెకు ఇచ్చాడు. “నువ్వు చచ్చినా ఈ పిడి ఊడదు సిద్దమ్మా. నలభై ఏండ్లాయ, నా లక్క ఇడిసిన కొడవలి ఈ చుట్టుపక్కల ల్యా.”

అది నిజమే. ఆ మాట రంగన్న వెయ్యిసార్లు విన్నాడు.

ఆమె పోతుండగానే ఓబుళరెడ్డి మనిషి తిమ్మయ్య, గుడ్డలో చుట్టిన తుపాకి భుజాన వేసుకుని వచ్చాడు. ఊళ్ళో పెద్ద సేద్యం ఓబుళరెడ్డిది. అడవిపందులు చేనికి దిగుతాయని తండ్రి నాటి నుంచి లైసెన్సు ఉంది. ఈ తుపాకి మద్రాసులో పని మానుకున్న ఒక దొర దగ్గర కొత్తగా తెచ్చుకున్న రైఫిలు. దాంతో పాటు ఒక తోలుసంచిలో గరాటు లాంటి ఇనుప ముక్క ఉంది. తుపాకి మూతికి బిగించుకునేది.

“సుందరం, ఇది మూతికి ఎయ్యాలంట. కాలిస్తే మంట కండ్లల్లో కొట్టకుండా ఆపుతాదంట. సోమారం పార్వేట పల్లకి మన ఊరికొస్తాది గదా, ఆ పొద్దు పొలిమేరలో దీంతోనే కాల్చాలంటాడు మా రెడ్డి. బనగానపల్లె నుంచి వియ్యంకుడు గూడా వస్తాండాడు చూసేకి.”

ప్రతి ఏడూ అహోబిలం స్వామి వేటకు బయలుదేరి పల్లెపల్లె తిరుగుతాడు. నల్లగుండ్లపల్లె పొలిమేర రాయి దగ్గర పల్లకి ఆగినప్పుడు, గుట్టవైపు మూడుసార్లు తుపాకి కాల్చడం ఓబుళరెడ్డి ఇంటి మర్యాద. తుపాకికి ఆ పొద్దు పసుపు రాసి, పూలు చుడతారు.

సుందరం ఆ గరాటును చేతిలో తిప్పి చూశాడు. తుపాకి విప్పి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గొట్టం వైసులో గుడ్డ చుట్టి బిగించాడు. మూతి మీది మరలు కిరసనాయిలుతో తుడిచాడు. గరాటు ఎక్కించాడు. రెండు చుట్లు సాఫీగా తిరిగి, చివర్లో వదులుగా నిలిచింది. వేలితో కదిపితే సన్నగా ఊగింది.

“రా రంగన్నా, ఈడ చూడు” అన్నాడు.

ఇత్తడి కడ్డీ గొట్టం లోంచి తోసి, గరాటు నోట్లోంచి బయటికి తెచ్చాడు. రంగన్న ఒక కన్ను మూసి చూశాడు. కడ్డీ చుట్టూ ఉన్న సందు ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క నూలుపోగంత ఉంది.

“గుండు ఈ కడ్డీ పోయిన దోవలోనే పోతాది. చుట్టూ సందు సమంగా ఉండాల. ఒక్క పక్క ఒరిగినా గుండు గరాటును తాకుతాది. తాకితే గుండు యాటికి పోతాదో దేవునికే తెలుసు. గరాటు గూడా పగిలి ఎగురుతాది. పట్టాళంలో ఒకనికి అట్లనే దవడ పాయ, పక్కన నిలబడినోనికి.”

“అయితే ఎట్ల?”

“గొట్టం మెడ అరిగి ఉండాది. ఆడ ఒక రాగి వాషరు కూర్చోబెట్టి బిగిస్తే గరాటు నిటారుగా నిలుస్తాది. కడ్డీ పెట్టి చూసి, సరిపోయినాకనే ఇయ్యాల.”

తిమ్మయ్య తల గోక్కున్నాడు. “సోమారానికి అయితాదా?”

“అయితాది. అంతలోపల అడగొద్దను.”

ఆ పొద్దంతా సుందరం పాత రాగిచెంబు అడుగు కోసి, గుండ్రంగా అరగదీసి, నడుమ తొలిచి వాషరు చేశాడు. పక్షి ముక్కంత పని, మధ్యాహ్నం దాటి సాయంత్రమైంది. రాగిని ఒకసారి ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది, బిగించినప్పుడు అన్ని పక్కలా సమంగా ఒదుగుతుంది. అప్పటికే కొలిమి ఆర్పేశారు. మర్నాడు శనివారం అమావాస్య. అమావాస్య నాడు కమ్మరి కొలిమి రాజేయరు. ఆదివారం సుందరం పెండ్లాం జీవమ్మతో, పిల్లలతో మూడు మైళ్ళ అవతల చర్చికి పోతాడు. మధ్యాహ్నానికి గానీ రాడు.

పోయేముందు వాషరు రంగన్న చేతిలో పెట్టాడు.

“ఆదివారం పొద్దున కొలిమి రాజేసినప్పుడు దీన్ని ఎర్రగా కాల్చి తొట్టిలో ఎయ్యన్నా. నేనొచ్చి బిగిస్తా. అంతలోపల ఎవురన్నా తుపాకి అడిగితే, సుందరం వచ్చేదాకా ఇయ్యొద్దని చెప్పు. ఒట్టి మాట చెప్పు, చాలు.”

“చెప్తా” అన్నాడు రంగన్న.

ఆదివారం పొద్దున కొలిమి రాజేశాక రంగన్న మొదట చేసిన పని అదే. వాషరు ఎర్రబడింది. తొట్టిలో వేస్తే సర్రుమంది. రాగి రంగు మారి గులాబీ పువ్వు మాదిరి అయింది. బాగా వచ్చింది అనుకున్నాడు. ముందురోజు అమావాస్య, పని లేదు, సంగటి లేదు. ఇంట్లో పిల్లలకు గంజి కాచి పోసింది పెండ్లాం. రంగన్నకు అది కూడా మిగల్లేదు.

జాముపొద్దు వేళకు తిమ్మయ్య రొప్పుకుంటూ వచ్చాడు.

“ఆచారీ, తుపాకి! పల్లకి ఈ పొద్దే వస్తాండాదంట!”

“సోమారం గదప్పా?”

“నడుమ పల్లెలో చావు పడి మైలొచ్చింది. ఆ ఊరు దాటుకోని నేరుగా మన కాడికొస్తాండాది. మద్యానానికి పొలిమేరలో ఉంటాది. ఇయ్యి, బిన్న ఇయ్యి.”

“గరాటు ఇంకా ఎయ్యలా” అన్నాడు ఈరన్న.

“గరాటు లేకుండా తీసకపోతే నా ఈపు విమానం మోత మోగుతాది. వియ్యంకునికి రాత్రంతా ఆ గరాటు కతే చెప్పినాడు మా రెడ్డి. నువ్వు ఎయ్యలేవా ఏంది? ఈ కొలిమి నీదా, పాలెమోనిదా?”

ఈరన్న మొహం మారింది. లేచి వైసు దగ్గరికి పోయి గరాటు తిప్పి చూశాడు. ఊగింది. కాసేపు ఆలోచించాడు. అతను చెడ్డవాడు కాదు. వదులుగా ఉన్నదాన్ని గట్టిగా నిలబెట్టడం అతనికి పుట్టినప్పటి నుంచి తెలిసిన పని. దానికి అతని దగ్గర ఒకటే మందు ఉంది.

“రంగన్నా, తిత్తి ఊదు. లక్క కాగాల.”

రంగన్న నోరు తెరిచాడు. సుందరం వచ్చేదాకా ఆగమన్నాడని చెప్పాలి. ఒట్టి మాట, అంతే. అప్పుడే మహాదేవమ్మ వాకిట్లోకి వచ్చి, “ఈ పొద్దు రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేసినా. పని బిన్న కానీండి, చల్లారిపోతాది” అంది. వెనకే సంగటి ఆవిరి వాసన వచ్చింది.

“ఏమి, ఇనపళ్యా?” అన్నాడు ఈరన్న.

రంగన్న నోరు మూసుకుని తిత్తి తాడు లాగాడు.

గరిటెలో లక్క కరిగింది. ఈరన్న మరల మీద సన్నగా పోసి, గరాటు తిప్పి, గట్టిగా అదిమి, తడిగుడ్డ చుట్టాడు. గొట్టం పట్టుకున్నది రంగన్నే. ఎక్కువైన లక్కను ఈరన్న గోటితో గీకి, నూనె గుడ్డతో తుడిచాడు. వేలితో కదిపితే కదల్లేదు. రాతికి పుట్టినట్టు నిలిచింది. కడ్డీ గోడకు ఆనించి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

“సూడు, కొత్త పెండ్లికొడుకు మాదిరుండాది” అని తిమ్మయ్య తుపాకి ఎత్తుకుని పోయాడు.

రంగన్న రెండు ముద్దలు తిన్నాడు. మూడోది కూడా పెట్టింది మహాదేవమ్మ. ఊరిబిండి కారంగా ఉంది. తింటున్నంత సేపూ అతనికి ఏమీ అనిపించలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేముందు సుందరం వచ్చాడు. చర్చికి వేసుకుపోయిన తెల్లచొక్కా మీదే ఉంది. ఈరన్న పల్లకి చూడటానికి పోయాడు. కొలిమిలో రంగన్న ఒక్కడే. సుందరం వైసు చూశాడు. ఖాళీగా ఉంది.

“తుపాకి యాడన్నా?”

“రెడ్డి మనుషులు తీసకపాయిరి. పల్లకి ఈ పొద్దే వస్తాండాదంట.”

“గరాటు?”

“అదీ తీసకపాయిరి.”

సుందరం అతని మొహంలోకి చూశాడు. “ఊరకే తీసకపాయిరా, బిగించినారా ఎవురన్నా?”

ఇప్పుడైనా చెప్పొచ్చు. పొలిమేర రాయి అర మైలు కూడా లేదు. సుందరం పరిగెత్తితే అందుకుంటాడు. అందుకుంటే వియ్యంకుడి ముందర గరాటు ఊడదీస్తాడు. ఈరన్న పరువు పోతుంది. ఎవరు చెప్పారని అడుగుతారు. రేపు తిత్తి ముందు ఇంకొకడు కూర్చుంటాడు. ఇదంతా రంగన్న వరసగా ఆలోచించలేదు. అంతా ఒక్కసారే కడుపులో తెలిసిపోయింది.

“ఊరకే తీసకపాయిరి” అన్నాడు.

“అయితే మంచిదే. ఉత్త గొట్టంతో కాలిస్తే ఏం కాదు.” సుందరం కూర్చున్నాడు. తొట్టిలో చెయ్యి పెట్టి వాషరు తీసి, గోటితో నొక్కి చూశాడు. “బాగా కాల్చినావన్నా. మెత్తగా ఉండాది. రేపు పెట్టి బిగిస్తాం.”

డప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఆగింది. మొదటి తుపాకి పేలింది. గుట్ట నుంచి ప్రతిధ్వని వచ్చింది. జనం గోవిందా అన్నారు. రంగన్న తిత్తి తాడు పట్టుకుని కూర్చున్నాడు. ఊదడానికి ఏమీ లేదు. రెండోది పేలింది. మళ్ళీ గోవిందా. ఏం కాదేమో అనుకున్నాడు. ఈరన్న లక్క నలభై ఏండ్లుగా ఊడలేదు.

మూడోది పేలినప్పుడు ప్రతిధ్వని కంటే ముందు ఇంకో చప్పుడు వచ్చింది. పళ్ళెం కింద పడ్డట్టు. తర్వాత గోవిందా రాలేదు.

సుందరం లేచి నిలబడ్డాడు. “అది ఉత్త గొట్టం చప్పుడు కాదు” అన్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ పరిగెత్తాడు. రంగన్న వెనకే పోయాడు గానీ పరిగెత్తలేదు.

పొలిమేర రాయి దగ్గర తిమ్మయ్య నేల మీద కూర్చుని రెండు చేతులతో మొహం మూసుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. తూటాలు అందించడానికి అతను రెడ్డి పక్కనే నిలబడి ఉన్నాడు. గరాటు అంచు విరిగి ఎగిరి అతని ఎడమ కంటికి తగిలింది. పల్లకిని పక్కకు జరిపి బట్ట కప్పారు. తుపాకి మీద పసుపు, బంతిపూలు అట్లాగే ఉన్నాయి. తిమ్మయ్యను బండిలో వేసి నంద్యాల తీసుకుపోయారు. పదిరోజులకు తిరిగొచ్చాడు. కన్ను రాలేదు.

ఆ ఆదివారం సాయంత్రమే చావడిలో ఓబుళరెడ్డి అందరినీ కూర్చోబెట్టాడు. కోపంగా లేడు. అలసిపోయినట్టు ఉన్నాడు. వియ్యంకుడు పక్కన తమలపాకు నములుతున్నాడు.

“ఎవురు బిగించిరి దీన్ని?”

ఈరన్న నేల చూస్తూ, “తుపాకుల పని అంతా సుందరందే గదయ్యా. మూడునాళ్ళుగా దాని మీదనే కూర్చున్యాడు. తిమ్మయ్య తొందరపెడితే నేను తీసి చేతికిస్తి, అంతే” అన్నాడు. అతని గొంతు చిన్నగా ఉంది. అతను అబద్ధం చెప్పడం రంగన్న అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

“రంగన్నా, నువ్వూ ఆడనే ఉంటివి గదా. ఏం చూస్తివి?”

“నేను చూల్యా అయ్యా. తిత్తి కాడుంటి” అన్నాడు రంగన్న.

విరగని సగం గరాటు రెడ్డి కాళ్ళ దగ్గర పడి ఉంది. సుందరం దూరం నుంచి అడిగాడు, తీసుకోవచ్చా అని. రెడ్డి తలాడించాడు. ఒకరు కర్రతో అటు తోశారు. సుందరం తీసుకుని వెలుతురుకు పట్టి, మరల్లో గోరు పెట్టి గీకాడు. గోటికి నల్లగా, ఎర్రగా ఏదో అంటింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు పేలుళ్ళ వేడికి మెత్తబడి గరాటును ఒరగనిచ్చింది ఆ లక్కే. లక్క కాలిన వాసన ఎట్లా ఉంటుందో కొలిమిలో పని చేసే ముగ్గురికీ తెలుసు. సుందరం తలెత్తి ఈరన్నను చూడలేదు. రంగన్నను చూశాడు. చాలాసేపేమీ కాదు.

“ఏమిరా, చెప్పేదేమన్నా ఉండాదా?” అన్నాడు రెడ్డి.

“ల్యా సామీ.”

ఎందుకట్లా అన్నాడో రంగన్నకు ఆనాడు అర్థం కాలేదు. తర్వాత కూడా కాలేదు. చెప్పినా నమ్మరనుకున్నాడో, చోటు పోతుందనుకున్నాడో. లేక ఊరకే తీసకపాయిరి అన్న మాట చెవుల్లో ఉందో.

రెడ్డి కొట్టలేదు, తిట్టలేదు. “ఇంగ నా తుపాకుల మీద చెయ్యి పెట్టొద్దు” అని లేచిపోయాడు. అంతే. కానీ ఆ మాట ఆళ్ళగడ్డ సంత దాకా పోయింది. తుపాకులు రావడం మానేశాయి. తర్వాత ఇంజన్లు. పట్టాళపోడు కన్ను తీసినాడంట అనే మాట ముందు పోతే, కుట్టుమిషను కూడా అతని దగ్గరికి పంపడానికి ఆడవాళ్ళు వెనకాడారు. వైసు మీద దుమ్ము పట్టింది.

ఉగాది ముందు బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసే రోజులు. రెండో సమ్మెట కొట్టే మనిషికి జ్వరం. ఈరన్న ఒక పొద్దున, ఎవరితోనో చెప్తున్నట్టు గోడ వైపు తిరిగి, “సుందరం, సమ్మెట పడతావా?” అన్నాడు. సుందరం లేచి వచ్చి దాగలి ముందు నిలబడ్డాడు. పాలెం మనిషి నిప్పు దగ్గరికి రాకూడదన్న కట్టడి ఏమైందో ఎవరూ మాట్లాడలేదు. మహాదేవమ్మ ఒకసారి తొంగి చూసి లోపలికి పోయింది.

రెండు సమ్మెటల పని అంటే ఎదురెదురుగా నిలబడాలి. ఈరన్న చిన్నసుత్తితో చోటు చూపిస్తాడు. అక్కడ ఒకడు కొట్టి ఎత్తేలోపల ఇంకొకడు కొట్టాలి. ఎదుటివాడి భుజం చూస్తూ కొట్టాలి, లేకపోతే సమ్మెటలు ఒకదానికొకటి తగులుతాయి. అట్లా పొద్దస్తమానం రంగన్న సుందరాన్ని చూస్తూ ఉండాల్సి వచ్చింది. ఈ పొద్దు అడుగుతాడు, ఈ పొద్దు తిడతాడు అని ఎదురుచూశాడు. సుందరం అడగలేదు. మధ్యాహ్నం జీవమ్మ కట్టి పంపిన కొర్రబువ్వలో సగం ఎప్పటిలాగే రంగన్న వైపు తోసేవాడు. రంగన్న తినేవాడు. ఒక పగలు ధైర్యం చేసి, “సుందరం, ఆ పొద్దు...” అన్నాడు. సుందరం నీళ్ళచెంబు అందించాడు. రంగన్న నీళ్ళు తాగాడు. మాట అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ఎత్తలేదు. చెప్పి ఉంటే ఏదన్నా నొప్పి పుట్టేదేమో. భుజాల నొప్పి తప్ప ఇంకేమీ లేకుండా నెలన్నర గడిచింది.

ఉగాది దాటిన వారానికి గొడ్డలి సానపెట్టించుకోవడానికి తిమ్మయ్య వచ్చాడు. ఎడమ కంటి మీద నల్లగుడ్డ. కొలిమి దగ్గర నలుగురైదుగురు రైతులు చక్రాల కోసం కూర్చుని ఉన్నారు.

“ఏమప్పా పట్టాళం సుందరం” అన్నాడు తిమ్మయ్య, “మిగిలిన కన్ను బద్రంగా చూసుకుంటాండా. నీ పక్కకు మాత్రం రాను. ఇదీ పాయనంటే నా పెండ్లాం మొగం చూడకుండా పోతా, అదొక్కటే లాబం.”

అందరూ నవ్వారు. తిమ్మయ్య కూడా నవ్వాడు. అతనికి నిజంగా సుందరం మీద పగ ఉన్నట్టు లేదు. కన్ను పోయింది, ఎవడో ఒకడు తీశాడు, దాని మీద నాలుగు మాటలు అనుకుంటే తేలిక. ఇంకొకడు అందుకుని, “ఒరేయ్ రంగన్నా, నువ్వు ఎదురుగా నిలబడి కొడుతాండావు, నీ కండ్లు జాగర్త” అన్నాడు. ఇంకా నవ్వారు.

ఈరన్న సుత్తి ఆపాడు. నిప్పులోకి చూశాడు. ఏమన్నా అంటాడేమోనని రంగన్న చూశాడు. అనలేదు. రంగన్న నవ్వినట్టు పెదాలు కదిపాడు. సుందరం అది చూశాడు. సమ్మెట ఎత్తాడు. కొట్టాడు. రంగన్న కొట్టాడు. పట్టా చల్లబడేదాకా కొడుతూనే ఉన్నారు.

పొద్దుగూకాక సుందరం వైసు బోల్టులు విప్పాడు. తుప్పుపట్టి రెండు కష్టమయ్యాయి. రంగన్న రాయి పట్టుకుని సాయం చేశాడు. నూనె పెట్టేందుకు విప్పుతున్నాడనుకున్నాడు. సుందరం వైసును గోనెలో చుట్టి భుజాన వేసుకుని, ఎప్పటిలాగే పాలెం దారి పట్టాడు.

మర్నాడు మంగళవారం. పొద్దు నాలుగు బారలెక్కినా సుందరం రాలేదు. ఈరన్న ఒకటికి రెండుసార్లు దారి వైపు చూసి, “పోయి సూసి రాపో” అన్నాడు.

రంగన్న ఎప్పుడూ పాలెంలోకి పోలేదు. సుందరం ఇల్లు ఏదో అడగాల్సి వచ్చింది. తలుపుకు బయట గొళ్ళెం వేసి ఉంది. కోళ్ళగంప బోర్లించి ఉంది, లోపల కోళ్ళు లేవు. గోడకు మేకు కొట్టిన చోట తెల్లని మచ్చ, ఏదో పటం తీసినట్టు. పక్కింటి అరుగు మీద ముసలి ఆనందం తాడు పేనుకుంటున్నాడు.

“సుందరం యాడికి పాయ పెద్దప్పా?”

“తెల్లారుజామున నంద్యాల బస్సుకు పాయిరప్పా. పెండ్లాం, పిల్లోల్లు, పెట్టె, అంతా ఏసుకోని.”

“యాడికని చెప్పినాడా?”

“మాకు చెప్పినాడు, యాదో ఊరు. మా నోట్లో తిరగలా. మిల్లంట.” ఆనందం తాడు తొక్కి పట్టుకుని రంగన్న వైపు తేరిపార చూశాడు. “నువ్వు కొలిమిలో రంగన్నవా?”

“ఆ.”

రంగన్న నిలబడ్డాడు. ఇంకేమన్నా అంటాడేమో, తనకేమన్నా చెప్పమన్నాడేమోనని నిలబడ్డాడు. ఆనందం మళ్ళీ తాడు పేనడం మొదలుపెట్టాడు. వీధిలో ఒక కుక్క, నీళ్ళకు పోతున్న ఇద్దరు ఆడపిల్లలు. ఎండ అప్పటికే కాళ్ళకు కాలుతోంది.

“ఏమన్నా పనుండెనా?” అన్నాడు ఆనందం కాసేపటికి.

“ల్యా” అన్నాడు రంగన్న. గొళ్ళెం వైపు ఇంకోసారి చూసి, కొలిమి దారి పట్టాడు.